రొమాంటిక్ కాలం ఒపెరా సెట్టింగులు: కరెంటు లేని రోజుల్లో ఆ చుక్కల గుమ్మటం, ఆ అగ్నిపర్వతం ఎలా చూపించారు?

స్ప్రీఒడ్డు · ఆదివారం, ఉదయం 10:12

నమస్తే అందరికీ. నిన్న రాత్రి ఇక్కడ బెర్లిన్‌లో ఉంటర్ డెన్ లిండెన్ రోడ్డు మీదున్న స్టాట్స్‌ఓపర్ అనే ఒపెరా హౌస్‌లో మొజార్ట్ ఒపెరా మేజిక్ ఫ్లూట్ చూసొచ్చాను, ఇంకా ఆ మత్తు దిగలేదు. 'రాత్రి రాణి' అనే పాత్ర వచ్చే సీన్ తెరుచుకోగానే నా పక్కనున్న పెద్దావిడ గట్టిగానే అబ్బా అనేసింది. ముదురు నీలం గుమ్మటం, దాని మీద పక్కటెముకల్లాగా పైనుంచి కిందికి దిగిన చుక్కల వరసలు, అడుగున మబ్బులు, మధ్యలో నెలవంక మీద నిలబడ్డ రాణి. ఇది ఇవాళ్టి ఊహ కాదు, 1816 జనవరిలో ఇదే ఊళ్ళో ఆడినప్పుడు కార్ల్ ఫ్రీడ్రిష్ షింకెల్ అనే ఆర్కిటెక్ట్ గీసిన సెట్టింగ్, దాన్ని పట్టుకునే ఎవర్డింగ్ అనే డైరెక్టర్ 1994లో మళ్ళీ కట్టించాడు.

ఇంటికొచ్చి షింకెల్ వేసిన అసలు బొమ్మ నెట్‌లో వెతికి చూశా. బాగుంది, కానీ హాల్లో కలిగింది దాంట్లో లేదు, పుస్తకం అట్టలాగా చదునుగా ఉంది. ఎందుకలా? ఇంకోటి, 1816లో కరెంటు లేదు కదా, మరి అప్పటి జనం ఆ చీకట్లో ఆ నీలం ఎలా చూశారు? తెలిసినవాళ్ళు కొంచెం విడమరిచి చెప్పండి ప్లీజ్.


గోదారిగట్టు · ఆదివారం, మధ్యాహ్నం 12:55

మీ మొదటి ప్రశ్నకి మా ఇంట్లో దొరికిన జవాబు చెప్తానండి. మా తాతగారు నాటకాల తెరల మీద బొమ్మలు వేసేవారు, రాజమండ్రి చుట్టుపక్కల సమాజాలన్నిటికీ దర్బారు తెర, వీధి తెర, అడవి తెర ఆయన చేతివే. ఎవరైనా పగలు వచ్చి తెర చూపించమంటే ససేమిరా అనేవారు, "రాత్రి రండి, దీపం ముందు చూద్దురు గాని" అని పంపేసేవారు. పసుప్పచ్చని దీపం వెలుతుర్లో నీలం నల్లగా చచ్చిపోతుంది, లేత పసుపు తెల్లగా కనపడుతుంది, అందుకని ఆకాశానికి నీలం కావాల్సిన దానికన్నా ఎక్కువ కొట్టేవారు, పగలు చూస్తే ఇదేంటి ఇంత ఘాటుగా ఉంది అనిపించేది.

షింకెల్ కాలంలో వేదిక మీద వెలిగినవి నూనె దీపాలే, అవి కూడా పసుపు వెలుగే కదా, కాబట్టి అక్కడి వాళ్ళకీ ఇదే తిప్పలు ఉండాలి. రంగు కూడా మా తాతగారిది వాళ్ళది ఒకటే జాతి, పొడి రంగుని తోలు కాచి తీసిన జిగురులో కలపడం, తాత దాన్ని సరేసు అనేవారు. ఆరాక మెరవదు, అదే కావాలి, మెరిస్తే దీపం ప్రతిబింబం తెర మీద పడి ఆకాశం కాస్తా గోడ అయిపోతుంది. ఫ్రాన్సులో, జర్మనీలో గుడ్డని నేల మీద పరిచి పొడుగు కర్రలకి బ్రష్షులు కట్టి నడుస్తూ వేసేవాళ్ళు, దగ్గరనుంచి చూస్తే ఒట్టి మరకలు.


లైటింగ్_శీను · ఆదివారం, సాయంత్రం 6:30

గోదారిగట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను హైదరాబాద్‌లో నాటకాలకి లైటింగ్ చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి కొంచెం కలుపుతా.

1816 బెర్లిన్‌లో ఉన్నవి నూనె దీపాలు, గాజు గొట్టం పెట్టిన ఆర్గాండ్ రకం. వింగుల (వేదికకి రెండు పక్కలా నిలబెట్టే బొమ్మ తెరల) వెనక స్తంభాలకి నిలువునా తగిలించేవాళ్ళు, స్టేజి అంచున ఒక వరస. చీకటి చేయాలంటే అంచు దీపాల వరసని మొత్తంగా నేల కిందికి దింపడం, వింగుల దీపాల్ని అవతలికి తిప్పడం. అంటే వెలుతురు ఎప్పుడూ పక్కల్నుంచీ కిందనుంచీ వచ్చేది, వెనక తెర మధ్యలోకి తక్కువ చేరేది. మధ్యలో మసక, అంచుల్లో వెలుగు. షింకెల్ చుక్కల వరసల్ని గుమ్మటం పొడుగునా గీతల్లాగా దింపాడు చూడండి, అంత మసకలో కూడా కంటికి గుమ్మటం వంపు దొరుకుతుంది. అది వేదికని దీపాలతో సహా ఊహించుకున్నవాడు చేసే పని. కంప్యూటర్ తెర మీద ఆ మసక లేదు, అందుకే మీకు చదునుగా అనిపించింది.

తర్వాత గ్యాస్ వచ్చింది, కథంతా మారింది. పారిస్ ఒపెరాలో మొదటిసారి 1822 ఫిబ్రవరి 6న, అల్లావుద్దీన్ అద్భుత దీపం కథ మీద రాసిన ఒపెరాకి. ఎక్కడో ఒక మూల ఒక్క మనిషి కూర్చుని కవాటాలు తిప్పితే స్టేజి మొత్తం మెల్లగా చీకటి పడుతుంది, మెల్లగా తెల్లారుతుంది. ఆ గొట్టాల వరస చూసి ఫ్రెంచి వాళ్ళు దానికి ఆర్గన్ వాద్యం పేరు పెట్టారు, ఇప్పటికీ కంప్యూటర్ లైటింగ్ బోర్డుని కూడా అదే పేరుతో పిలుస్తారు. మా వృత్తి అక్కడ పుట్టిందని నా నమ్మకం.


పద్మ_పారిస్ · ఆదివారం, రాత్రి 9:48

ఆ అల్లావుద్దీన్ ఒపెరా సెట్టింగులు వేసింది ఎవరో చెప్పకుండా వదిలేశారేంటి శీను గారూ! ఇద్దరు. ఒకాయన పియేర్ సిసేరి, పారిస్ ఒపెరాకి పెద్ద చిత్రకారుడు. రెండో ఆయన లూయీ డాగేర్. అవును, తర్వాత 1839లో ఫోటోగ్రఫీ తెచ్చిన డాగేరే. ఆయన అసలు వృత్తి రంగస్థలం తెరలు. అదే 1822 జులైలో డియోరామా అని పారిస్‌లో ఒక ప్రదర్శన పెట్టాడు, నటులు లేరు, పాట లేదు, దాదాపు 22 మీటర్ల వెడల్పు 14 మీటర్ల ఎత్తు పల్చటి గుడ్డ మీద బొమ్మ, దాని మీద పడే వెలుతురు మారడం, అంతే. జనం కూర్చున్న గుండ్రటి అరుగే తిరిగి ఇంకో బొమ్మ ముందుకి వెళ్ళేది. తర్వాత 1834 నుంచి గుడ్డకి రెండు వైపులా బొమ్మ వేయడం మొదలెట్టాడు. ముందునుంచి వెలుగు పడితే పగటిపూట ఖాళీ చర్చి, వెనకనుంచి పడితే అదే చర్చి అర్ధరాత్రి, కుర్చీల నిండా జనం. ఆ డియోరామాలన్నీ 1839 మార్చిలో మంటల్లో పోయాయి, కానీ ఒక్కటి మిగిలింది, పారిస్ పక్కనే బ్రీ సుర్ మార్న్ అనే ఊళ్ళో చర్చిలో, 1842లో వేసింది. నేను వెళ్ళి చూశాను. చిన్న ఊరి చర్చి, దాని వెనక గోడ దాటి ఇంకో పెద్ద గోథిక్ చర్చి ఉన్నట్టు కనపడుతుంది. బయట మబ్బు పట్టేసరికి లోపల బొమ్మలో కూడా మబ్బు పట్టింది, నాకు ఒళ్ళు జలదరించింది.


రవళి_కొత్త · సోమవారం, ఉదయం 8:05

ఈ థ్రెడ్ చదువుతుంటే చాలా ఆనందంగా ఉంది. ఒక చిన్న సందేహం అండి. గోదారిగట్టు గారు దర్బారు తెర, అడవి తెర అన్నారు కదా, అంటే ఏ నాటకానికైనా అదే దర్బారు. యూరప్‌లో కూడా అలాగే ఉండేదా లేక ప్రతి ఒపెరాకి కొత్తగా వేసేవాళ్ళా?


పద్మ_పారిస్ · సోమవారం, మధ్యాహ్నం 1:20

చాలా మంచి ప్రశ్న రవళి గారూ, రొమాంటిక్ కాలం, అంటే 19వ శతాబ్దం, తెచ్చిన మార్పు సరిగ్గా అక్కడే ఉంది.

అంతకుముందు అక్కడా ఎక్కువగా అంతే, ఒక రాజభవనం, ఒక జైలు, ఒక తోట, ఒక అడవి, ఒక సముద్రం ఒడ్డు, థియేటర్ గోడౌన్‌లో ఉండేవి, కథ ఏదైనా వాటినే తిప్పి తిప్పి వాడేవాళ్ళు. అడవి అంటే ఏదో ఒక అడవి. ఈ కాలం వాళ్ళకి ఏదో ఒక అడవి సరిపోలేదు, ఏ ఊరు, ఏ ఏడు, ఏ వేళ, వాన పడి వెలిసిందా, అన్నీ కావాలి. 1828 ఫిబ్రవరి 29న పారిస్‌లో ఓబేర్ ఒపెరా పోర్టిచి మూగపిల్ల మొదటిసారి ఆడారు, 1647లో నేపుల్స్‌లో జాలర్లు చేసిన తిరుగుబాటు కథ, చివర్లో వెసూవియస్ పేలుతుంది, మూగపిల్ల అందులోకి దూకేస్తుంది. ఆ పేలుడు కోసం సిసేరిని ఒపెరా వాళ్ళు ఇటలీ పంపారు, మిలాన్‌లో లా స్కాలాలో సాన్‌క్విరికో అనే మహానుభావుడు అంతకుముందే పాంపేయి కథకి అదే కొండని పేల్చి చూపించాడు, అది ఎలా చేశాడో చూసి రమ్మని. ఒక కొండ కోసం ఒక చిత్రకారుణ్ణి ఆల్ప్స్ దాటించారన్నమాట!

ఇక 1831 నవంబర్ 21, మాయర్‌బేర్ ఒపెరా రాబర్ట్ ద డెవిల్. మూడో అంకంలో పాడుబడ్డ మఠం, చచ్చిపోయిన సన్యాసినులు సమాధుల్లోంచి లేచి డాన్స్ చేస్తారు. పాతకాలం అయితే పొగ, దయ్యాలు, కొమ్ములు పెట్టి కానిచ్చేసేవాళ్ళు. దూపోన్షెల్ అనే ఆయన అలా వద్దు, నిజమైన మఠం వరండా కావాలి, వెన్నెల కావాలి అని పట్టుబట్టాడు. సిసేరి ఆర్ల్ ఊళ్ళో సెయింట్ ట్రోఫీమ్ మఠం స్తంభాల వరస లాంటిది వేశాడు. స్టేజి అంచు దీపాలు (ఫుట్‌లైట్లు) ఆర్పేసి, పైనుంచి గ్యాస్ వెలుగు మాత్రమే వదిలారు. నేల మీద సమాధి రాళ్ళ మధ్యలోంచి తెల్ల బట్టల్లో ఒక్కొక్కరే లేస్తుంటే, ముందు డాన్సర్ మారీ తాల్యోని. భయం పెట్టింది దయ్యాలు కాదండి, ఆ నిశ్శబ్దం, ఆ వెన్నెల, ఇది నిజం ఊరేమో అనే అనుమానం. నలభై ఏళ్ళ తర్వాత కూడా చిత్రకారుడు దేగా అదే సీన్‌ని రెండుసార్లు బొమ్మ వేశాడు, ఒకటి న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉంది, ఒకటి లండన్ వి అండ్ ఎ మ్యూజియంలో.

మొదటి రోజు మాత్రం గండాలు వరసగా వచ్చాయి. పైనుంచి దీపాల చట్రం ఒకటి గాయని పక్కనే పడింది, మబ్బు తెర ఒకటి తాల్యోని మీద పడబోయింది, చివర్లో విలన్ దిగిపోవాల్సిన నేల తలుపులోకి హీరో నూర్రీ పొరపాటున దూకేశాడు, అదృష్టం కొద్దీ కింద పరుపులు ఇంకా తీయలేదు.


గోదారిగట్టు · సోమవారం, రాత్రి 8:15

రవళి గారి ప్రశ్నకి ఇంకో ముక్క. మన తెరలు, వింగులు, పైన వేలాడే ఫ్రిల్లులు, ఈ చట్రం అంతా ఆ యూరప్ వేదిక నుంచే బొంబాయి పార్సీ కంపెనీల ద్వారా వచ్చింది. వీధినాటకానికి, తోలుబొమ్మలాటకి ఈ అవసరం లేదు కదా. సురభి వాళ్ళు 1885లో మొదలైనప్పటికి ఆ గాలి బాగా వీస్తోంది. ఇప్పటికీ సురభి మాయాబజార్ చూసినప్పుడు గమనించండి, వింగులు జతలు జతలుగా లోపలికి వెళ్తూ దగ్గరపడి వెనక తెరతో కలుస్తాయి, ఆ లోతు కనికట్టు యూరప్‌లో ఎప్పటిదో.


దక్కన్‌_శ్రోత · సోమవారం, రాత్రి 10:02

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను అడ్డం మాట్లాడక తప్పట్లేదు, ఏమనుకోకండి. ఈ పారిస్ ఆర్భాటాన్ని జర్మన్ ఒపెరా రచయిత వాగ్నర్ 1851లోనే ఒక్క మాటలో తేల్చేశాడు: కారణం లేని ఫలితాలు అని. అగ్నిపర్వతం పేలింది సరే, ఎందుకు పేలింది? కథకి అవసరమా, టికెట్‌కి అవసరమా? 1849లో మాయర్‌బేర్ ప్రాఫెట్ ఒపెరాలో సూర్యోదయం కోసం శాస్త్రవేత్త ఫూకో తయారు చేసిన ఎలక్ట్రిక్ ఆర్క్ దీపం పెట్టారు, మంచు మీద స్కేటింగ్ చూపించడానికి డాన్సర్ల కాళ్ళకి చక్రాలు కట్టారు. వాగ్నర్ ఆ సూర్యోదయాన్నే ఉదాహరణగా పెట్టి విమర్శించాడు. సంగీతం చేయాల్సిన పని దీపం చేస్తే ఒపెరా ఎందుకు, ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చు.


లైటింగ్_శీను · మంగళవారం, ఉదయం 7:40

శ్రోత గారూ, గౌరవంతోనే ఒప్పుకోను. ఆ సూర్యుడు ఒపెరా వేదిక మీద కరెంటు ముందడుగు. అప్పటిదాకా వేదిక మీద పొద్దు అంటే తెర మీద గీసిన గుండ్రం, లేదా వెనక దీపం పెట్టిన నూనె కాగితం. మొదటిసారి జనం కళ్ళు చిట్లించుకోవాల్సిన సూర్యుడు వచ్చాడు. ఇక మీ వాగ్నర్ 1876లో బైరాయిట్ ఊళ్ళో తన సొంత థియేటర్లో రింగ్ ఒపెరాలకి ఏం చేశాడు? వియన్నా ప్రకృతి చిత్రకారుడు యోసెఫ్ హోఫ్‌మన్ చేత డిజైన్లు గీయించి, కోబుర్గ్‌లో బ్రూక్నర్ సోదరుల చేత తెరలు వేయించి, డార్మ్‌స్టాట్ నుంచి కార్ల్ బ్రాంట్ అనే మెషీన్ల మేస్త్రిని పిలిపించి, రైన్ నదిలో ఈదే ముగ్గురు కన్యల్ని ఎత్తైన ఇనప స్తంభాల మీద ఊయలల్లో కట్టి కింద చక్రాల బండ్లు తోయించాడు. ఆ గాయనులు ఆ పైనుంచి పాడాలి! సీన్ మార్చేటప్పుడు బాయిలర్ నుంచి ఆవిరి తెర. లండన్‌లో చేయించిన డ్రాగన్ ముక్కలుగా వస్తే దాని మెడ సమయానికి రాలేదు. ఇది ఎగ్జిబిషన్ కాదా?


దక్కన్‌_శ్రోత · మంగళవారం, మధ్యాహ్నం 2:11

మెషీన్లు అవే, నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆయన ఒక పని చేశాడు, హాల్లో దీపాలు బాగా తగ్గించి, ఆర్కెస్ట్రాని నేల కిందికి దించి, జనానికి వేదిక తప్ప ఇంకేమీ కనపడకుండా చేశాడు. పారిస్‌లో జనం ఒకళ్ళ నగలు ఒకళ్ళు చూసుకునే వెలుతుర్లో కూర్చునేవాళ్ళు. చీకట్లో కూర్చోవడం అనేది సెట్టింగ్‌లో భాగమే అని నా వాదన. పైగా ఆయనకి తృప్తి లేదు, కనపడని ఆర్కెస్ట్రా కనిపెట్టాను, కనపడని వేదిక కూడా కనిపెడితే బాగుండు అని భార్య కోసిమాతో 1878లో అన్నాడు. ఆ బాధ నాకు చాలా నిజాయితీగా అనిపిస్తుంది.

వాగ్నర్ పార్సిఫాల్ ఒపెరా సంగతి కూడా చెప్పాలి, 1882. అడవిలోంచి గ్రెయిల్ (క్రీస్తు పవిత్ర పాత్ర) గుడికి నడిచే సీన్, మనుషులు దాదాపు అక్కడే ఉంటారు, వెనకాల పొడవాటి బొమ్మ గుడ్డ ఒక రోలర్ మీదనుంచి ఇంకో రోలర్ మీదికి చుట్టుకుంటూ పోతుంది, చెట్లు పోయి రాళ్ళు, రాళ్ళు పోయి గుడి. రిహార్సల్‌లో చూస్తే గుడ్డ పూర్తవకుండానే సంగీతం అయిపోతోంది. హుంపర్‌డింక్ అనే కుర్రాడు కూర్చుని అదనంగా కొంచెం సంగీతం రాసి అతికించాడు, వాగ్నర్ ఒప్పుకున్నాడు! శీను గారూ, ఈ ఒక్క పాయింట్ మీకే, గుడ్డ గెలిచింది.

ఆ గుడి సియెన్నా కెథడ్రల్‌ని చూసి గీసింది, అందులోని మాంత్రికుడు క్లింగ్‌జోర్ తోట ఇటలీలోని రవెల్లోలో విల్లా రూఫోలోని చూసి. రష్యన్ చిత్రకారుడు జుకోవ్‌స్కీ గీశాడు.


స్ప్రీఒడ్డు · మంగళవారం, రాత్రి 9:30

మీరందరూ ఇంత రాస్తారనుకోలేదు, ప్రింట్ తీసి పెట్టుకున్నా. షింకెల్ గురించి ఇక్కడ లైబ్రరీలో తెలుసుకున్నది చెప్తాను. ఆయన బిల్డింగుల ఆర్కిటెక్ట్‌గా పేరు తెచ్చుకోకముందు జనానికి ప్రదర్శనలు పెట్టే గ్రోపియుస్ కుటుంబం కోసం పనోరమాలు (పెద్ద పెద్ద ప్రదర్శన బొమ్మలు) వేశాడు, పలెర్మో నగరం, తగలబడే మాస్కో. అంటే డాగేర్ కన్నా ముందే చీకటి గదిలో వెలుగు బొమ్మలు ఎలా పనిచేస్తాయో చేతికి తెలుసు. తర్వాత థియేటర్ వాళ్ళకి ఏం చెప్పాడంటే, ఇన్ని వింగులు ఎందుకు, పక్కనుంచి చూసేవాడికి సందుల్లో అంతా కనపడుతుంది, వెనక ఒకే పెద్ద బొమ్మ పెట్టండి చాలు అని. మొత్తం నలభైకి పైగా నాటకాలకి, ఒపెరాలకి సెట్టింగులు వేశాడు.

అదే 1816లో రచయిత హోఫ్‌మన్ సంగీతం కట్టిన ఉండీనే అనే నీటికన్య ఒపెరాకి కూడా ఆయనే. ఏడాది తిరక్కుండా 1817 జులైలో అది ఆడిన థియేటర్, జాండార్మెన్‌మార్క్ట్ అనే చౌక్‌లోది, కాలిపోయింది, ఆ సెట్టింగులూ పోయాయి. హోఫ్‌మన్ ఇల్లు ఆ చౌక్‌లోనే, కళ్ళముందే జరిగింది. అదే చోట కొత్త థియేటర్ కట్టింది మళ్ళీ షింకెలే, 1821 జూన్ 18న వేబర్ ఒపెరా ఫ్రైష్యూట్స్ మొదట ఆడింది అందులోనే, ఆ ఒపెరాలో వచ్చే తోడేళ్ళ లోయ సెట్టింగ్ వేసింది ఆ గ్రోపియుస్ ఇంటివాడే. నేను రోజూ ఆఫీసుకి ఆ చౌక్ మీదుగానే నడుస్తాను.


కాళింది · బుధవారం, ఉదయం 11:18

కాలిపోవడం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ వెన్నెలలకి, సూర్యోదయాలకి మనుషులు ప్రాణాలిచ్చారు. ఎమ్మా లీవ్రీ అని పారిస్ ఒపెరా డాన్సర్, 1862 నవంబర్‌లో అదే పోర్టిచి మూగపిల్ల రిహార్సల్‌లో గ్యాస్ దీపం దగ్గర స్కర్టు అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం చూసి 1863 జులైలో చనిపోయింది, 20 ఏళ్ళు. మంట అంటుకోకుండా మందు పెట్టిన బట్టలు అప్పటికే ఉన్నాయి, కానీ అవి బిరుసెక్కి తేలికగా ఎగరవని ఆమె వేసుకోలేదు. మబ్బులాగా కనపడాలి కదా. ఆ పల్చటి బట్ట, ఆ గ్యాస్ వెలుగు, ఆ ఆరని మంట పక్కపక్కనే పెట్టి అందం తయారు చేశారు. పద్మ గారి వెన్నెల వర్ణన చదివినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.


పద్మ_పారిస్ · బుధవారం, మధ్యాహ్నం 3:02

మీరు గుర్తు చేయడం మంచిదైంది కాళింది గారూ. అదే థియేటర్ 1873లో కాలిపోయింది కూడా.

ఇటలీ గురించి ఎవరూ మాట్లాడలేదు, రెండు ముక్కలు. వెర్డి 1847లో ఫ్లోరెన్స్‌లో మాక్‌బెత్ ఒపెరా పెడుతూ తెరలు వేసే ఆయనకి చెప్పమని ఉత్తరం రాశాడు, ఈ కథ మీరనుకునేంత పాతది కాదు, మాక్‌బెత్ డంకన్‌ని చంపింది 1040లో, తను చచ్చింది 1057లో, దానికి తగ్గట్టు వేయండి అని. సంగీతం రాసేవాడు తేదీలు పంపిస్తున్నాడు చూడండి! ఐడా అయితే ఇంకా విచిత్రం, కైరోలో ఆడాల్సింది, ఈజిప్టు తవ్వకాల నిపుణుడు మారియెట్ పర్యవేక్షణలో సెట్టింగులు, బట్టలు పారిస్‌లో తయారయ్యాయి, సరిగ్గా అప్పుడే 1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ని ముట్టడించింది, మారియెట్‌తో సహా అన్నీ లోపలే ఇరుక్కుపోయాయి. చివరికి 1871 డిసెంబర్ 24న గాని తెర లేవలేదు.

పారిస్ ఒపెరా వాళ్ళ గార్నియే భవనంలో ఒపెరా మ్యూజియం ఉంది, అప్పటి సెట్టింగుల చిన్న చిన్న అట్ట నమూనాలు పెడతారు. ఎవరైనా పారిస్ వస్తే తప్పకుండా చూడండి. అసలు తెరలు దాదాపుగా లేవు, చాలావరకు 1894లో గోడౌన్ కాలినప్పుడు పోయాయి.


గోదారిగట్టు · శనివారం, సాయంత్రం 5:50

మీ అందరికీ ఒకటి చెప్పాలి. పద్మ గారు రెండు వైపులా రంగు వేసిన గుడ్డ గురించి రాసినప్పట్నుంచీ మనసు ఆగలేదు, ఇవాళ ఊరెళ్ళి అటక మీద తాతగారి తెర దింపించాను. ఒక్కటే మిగిలింది, తోట తెర, చంద్రుడు, కొలను, మెట్లు. నలుగురం పట్టుకుని వసారాలో ఎండకి అడ్డంగా నిలబెట్టాం. చంద్రుడు వెలిగాడండి! మిగతా ఆకాశమంతా రంగు మందంగా ఉంది, చంద్రుడి చోట మాత్రం రంగు లేదు, ఆ గుండ్రం కోసేసి పల్చటి మల్లు గుడ్డ వేసి కుట్టారు. కొలనులో నీడ మీద కూడా అక్కడక్కడా సన్నటి గీతల్లాగా రంగు వదిలేశారు, వెనక దీపం కదిపితే నీళ్ళు కదిలినట్టు కనపడటానికి అనుకుంటా. ఇన్నేళ్ళూ పగటిపూట ముందునుంచి చూసి చంద్రుడు సరిగ్గా రాలేదు అనుకున్నాం ఇంట్లో అందరం. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

మడతల దగ్గర రంగు పొడిగా రాలుతోంది. తడిబట్టతో దుమ్ము తుడవొచ్చా?


లైటింగ్_శీను · శనివారం, సాయంత్రం 5:58

తడి అస్సలు వద్దు సార్!! జిగురు రంగు నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన, అది కూడా రంగు రాలని చోటే. మళ్ళీ మడత పెట్టకండి, లావుపాటి పీవీసీ పైపు తెచ్చి దాని మీద తెల్లటి కాటన్ గుడ్డ చుట్టి, బొమ్మ పైవైపుకి వచ్చేలా వదులుగా చుట్టండి. నేను వచ్చే ఆదివారం రాజమండ్రి రాగలను, ఒక చిన్న పసుపు బల్బు, డిమ్మర్ తెస్తాను. చీకటి పడ్డాక చూద్దాం.


గోదారిగట్టు · శనివారం, సాయంత్రం 6:04

రండి రండి. ఆ రోజు వసారాలో లైట్లన్నీ తీసేస్తాం.